పెద్ద కార్బురేటర్ పెడితే పికప్ పెరుగుద్దా? – మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం కార్బురేటర్ మీదే ఉన్నాయి. 20 శాతం ఎథనాల్ కలిపిన ఈ20 పెట్రోల్ బంకుల్లోకి వచ్చిన దగ్గర్నుంచి పాత బండ్లున్న వాళ్ళంతా ఇంజిన్ కంటే ముందు కార్బ్‌నే అనుమానిస్తున్నారు, అనుమానించాక ఎలాగూ మార్చాలి కదా ఒక సైజు పెద్దది పెట్టేద్దాం అనుకుంటున్నారు. అందుకని ఈసారికి మిగతావన్నీ పక్కన పెట్టేశా, క్లచ్ ప్లేట్ల గురించి అడిగినవాళ్ళు ఇంకో నెల ఓపిక పట్టండి.

ప్రశ్న: మా బావ డల్లాస్‌లో ఉంటాడు. సరదాపడి 1970ల నాటి చెవర్లే ట్రక్కు ఒకటి కొన్నాడు, 350 వీ8 ఇంజిన్, లోపలంతా స్టాకే, వాల్వులు తెరిచే క్యామ్ మాత్రం కొంచెం పెద్దది వేసి ఉందంట, గేర్‌బాక్స్ ఆటోమేటిక్. కార్బురేటర్ పాడైంది. ఫ్రెండ్సేమో 750 సీఎఫ్ఎం డబుల్ పంపర్ పెట్టమంటున్నారు, షాపువాడు 600 చాలంటున్నాడు. నాకు బండ్లు తెలుసని నన్నడిగాడు, సీఎఫ్ఎం అనే మాట నేను కిచెన్ చిమ్నీ మీద తప్ప ఎక్కడా చూడలేదు. వీకెండ్ సరుకులకి పోవడం, ఎప్పుడన్నా హైవే, అంతే వాడకం. ఏం చెప్పమంటారు? – కూకట్‌పల్లి

జవాబు: 600 పెట్టమనండి, అదీ వ్యాక్యూమ్ సెకండరీ (వెనక గొంతులు ఇంజిన్ లాగుడుని బట్టి తెరుచుకునేవి) ఉన్నది. షాపువాడు తక్కువ రేటు సరుకు చాలంటున్నాడంటే ఆయన మాట నమ్మొచ్చు, అట్లాంటి షాపువాళ్ళు దొరకడమే కష్టం.

ఎందుకో లెక్క చెప్తా, బావకి ఫోన్లో చెప్పడానికి పనికొస్తది. చిమ్నీ మీద చూసిన సీఎఫ్ఎమే ఇదీ, నిమిషానికి ఎన్ని ఘనపుటడుగుల గాలి పోతుందీ అని. 350 అంటే ఘనపుటంగుళాలు, మన లెక్కలో 5.7 లీటర్లు. ఫోర్ స్ట్రోక్ ఇంజిన్ కాబట్టి రెండు రౌండ్లు తిరిగితే గానీ ఎనిమిది సిలిండర్లూ ఒకసారి నిండవు. ఘనపుటడుగుకి 1,728 ఘనపుటంగుళాలు, దానికి రెట్టింపు 3,456. కాబట్టి 350ని ఆర్పీఎంతో గుణించి 3,456తో భాగిస్తే ఇంజిన్ మింగే గాలి వచ్చేస్తది. 5,500 ఆర్పీఎం దగ్గర 557. అదికూడా సిలిండర్లు నూటికి నూరు శాతం నిండితే. మామూలు రోడ్డు ఇంజిన్ 80, 85 శాతం నిండితే గొప్ప, 85 వేసుకుంటే 473 సీఎఫ్ఎం. 6,000 దాకా లాగినా 516 దాటదు, ఆ ట్రక్కుని బావ ఎన్నిసార్లు 6,000 దాకా లాగుతాడో మీకే తెలియాలి.

ఇదే లెక్క తిరగేసి చూడండి ఇంకా తమాషాగా ఉంటది. 750 సీఎఫ్ఎం మొత్తం వాడుకోవాలంటే ఆ ఇంజిన్, సిలిండర్లు నూరు శాతం నిండుతూ, 7,400 ఆర్పీఎం తిరగాలి. స్టాక్ వాల్వ్ స్ప్రింగులతో, హైడ్రాలిక్ లిఫ్టర్లతో అక్కడిదాకా వెళ్ళదు, వెళ్తే తిరిగి రాదు.

సరే వాడకపోతే మానె, పెద్దది ఉంటే నష్టమేంటీ అంటారు. నష్టం కిందే ఉంటది. కార్బురేటర్‌లో పెట్రోల్‌ని ఎవరూ లోపలికి తోయట్లేదు, సన్నటి గొంతులోంచి గాలి స్పీడుగా పోతుంటే అక్కడ ప్రెషర్ పడిపోయి, ఆ తేడాకి ఫ్లోట్ బౌల్‌లోంచి (కార్బ్‌లో పెట్రోల్ నిలవుండే గిన్నె) పెట్రోల్ పైకొచ్చి తుంపరలుగా కలుస్తది. మొక్కలకి నీళ్ళు పెట్టేటప్పుడు పైపు మూతి బొటనవేలితో నొక్కితే నీళ్ళు దూరం కొడతాయి, వేలు తీసేస్తే కాళ్ళ దగ్గరే పడతాయి, అదే సంగతి. గొంతు వెడల్పు చేసేస్తే తక్కువ ఆర్పీఎంలో గాలికి స్పీడుండదు, పెట్రోల్ సరిగ్గా విడిపోదు, చుక్కలు చుక్కలుగా మానిఫోల్డ్ (కార్బ్ నుంచి సిలిండర్లకి పోయే గొట్టాలు) గోడలకి అంటుకుంటది. సిగ్నల్ దగ్గర ఎక్సలేటర్ తొక్కగానే బండి ఒక్క క్షణం గుటక మింగి అప్పుడు కదులుతది. మైలేజ్ పోతది, ప్లగ్గులు నల్లబడతాయి. ఈ కార్బురేటర్లకి ముందు రెండు, వెనకాల రెండు, మొత్తం నాలుగు గొంతులు. డబుల్ పంపర్‌లో పెడల్ తొక్కితే వెనకాల రెండు గొంతులు (సెకండరీలు) కూడా లింకేజీతో తెరుచుకుంటాయి, ఇంజిన్‌కి కావాలా వద్దా అని అడగదు. తేలిక బండి, మాన్యువల్ గేర్లు, పొట్టి యాక్సిల్ రేషియో ఉంటే అది మజా. బరువైన ట్రక్కు, ఆటోమేటిక్ అయితే దండగ.

వ్యాక్యూమ్ సెకండరీ అలా కాదు. ముందు రెండు గొంతుల్లో గాలి స్పీడు పెరిగితేనే ఆ వ్యాక్యూమ్ వెనకాల డయాఫ్రమ్‌ని లాగి మిగతా రెండూ మెల్లగా తెరుస్తది, ఇంజిన్ ఎంత అడిగితే అంతే. హోలీ 1850 ఆ రకమే, 600. ఎడెల్‌బ్రాక్ 1406 కూడా 600, అందులో లింకేజీ ఉన్నా పైన బరువుతో ఆగే గాలి పలక ఒకటి ఉంటది, ఎలక్ట్రిక్ చోక్ కూడా వస్తది కాబట్టి చలికాలం పొద్దున్నే బాధ ఉండదు. దీనికి పెట్రోల్ ప్రెషర్ 6.5 పీఎస్ఐ దాటకుండా చూసుకోమనండి, దాటితే ఫ్లోట్ నీడిల్ ఆపలేక ఓవర్‌ఫ్లో అవుద్ది.

ఇప్పుడు బావ ఫ్రెండ్స్ ఒక మాట అంటారు, కంపెనీవాడే 350 మీద 750 సీఎఫ్ఎం క్వాడ్రాజెట్ ఇచ్చాడుగా అని. నిజమే, ఇచ్చాడు. కానీ రోచెస్టర్ క్వాడ్రాజెట్‌లో ముందు గొంతులు ఒకటీ మూడెనిమిదో వంతుల అంగుళమే, వెనకవి రెండుంబావు అంగుళాలు, వాటి మీద గాలి లాగితేనే తెరుచుకునే పలక. అంటే ఊర్లో తిరిగేటప్పుడు అది చిన్న కార్బురేటరే. పైన రాసిన నంబరు ఒకటే అయినంత మాత్రాన డబుల్ పంపర్‌కి దీనికి పోలిక లేదు. పాతదాన్ని అసలు ఎందుకు తీసేస్తున్నాడో అడగండి, అది క్వాడ్రాజెట్టే అయితే కిట్ వేసి బాగుచేయించడం అన్నిటికంటే మంచిది.

ఇంకో మెలిక. టూ బ్యారెల్ (రెండు గొంతుల) కార్బులకి సీఎఫ్ఎం కొలిచేది 3 అంగుళాల పాదరసం ప్రెషర్ తేడా దగ్గర, ఫోర్ బ్యారెల్‌కి 1.5 దగ్గర. కాబట్టి 500 అని రాసున్న టూ బ్యారెల్ ఫోర్ బ్యారెల్ లెక్కలో 350 చిల్లరే. పక్కపక్కన పెట్టి చవగ్గా వస్తుందని కొనేయొద్దని చెప్పండి.

బిగించాక 600 చాలిందో లేదో ఎవర్నీ అడగక్కర్లేదు. హోలీ అయితే సెకండరీ డయాఫ్రమ్ కింద ఒక కడ్డీ కనపడుద్ది, దానికి మామూలు పేపర్ క్లిప్ తగిలించి పైకంటా జరిపి పెట్టి, ఖాళీ రోడ్డు మీద ఒకసారి ఫుల్లుగా తొక్కి వచ్చి బోనెట్ ఎత్తి చూడమనండి. క్లిప్ ఎంత కిందికి జరిగిందో సెకండరీలు అంత తెరుచుకున్నట్టు. సగమే జరిగితే 600లోనే ఇంకా మిగిలుందని అర్థం. లేకపోతే మానిఫోల్డ్‌కి వ్యాక్యూమ్ గేజ్ పెట్టి ఫుల్ థ్రాటిల్‌లో పై ఆర్పీఎం దగ్గర చూడాలి, ఒకటిన్నర అంగుళం కంటే ఎక్కువ చూపిస్తుంటే కార్బ్ చిన్నదైనట్టు, అర అంగుళం దగ్గరుంటే సరిపోయి మిగిలినట్టు.

ప్రశ్న: అన్నా, నాది కాస్ట్ ఐరన్ బుల్లెట్ 350, మా నాయన కొన్నది. బోర్ కొట్టిచ్చి కొత్త పిస్టన్ ఏపిచ్చిన, సైలెన్సర్ లోపల జాలి తీసేశిన, ఫిల్టర్ ఫ్రీ ఫ్లోది పెట్టిన. ఇప్పుడు 24 ఎంఎం మిక్‌కార్బ్ ఉంది. పుత్లీబౌలిల ఒకాయన 32 ఎంఎం ఫ్లాట్ స్లైడ్ చూపిచ్చి ఇది పెడితే బండి లేస్తది అన్నడు. మా మెకానిక్ 500 బుల్లెట్‌ది 28 పెడదాం అంటుండు. మా నాయన ఉన్నదాన్ని ముట్టుకోకు అంటుండు. రోజూ ఉప్పల్ నుంచి హైటెక్ సిటీ పోత, నెలకోసారి నల్లగొండ పోత. ఎవరి మాట వినాలె? – ఉప్పల్

జవాబు: తమ్ముడూ, 32 చూపించినాయన మాట మాత్రం వినకు. మిగతా ఇద్దర్లో ఎవరి మాట విన్నా తప్పు లేదు, ఏది అన్నది నీ రోడ్డుని బట్టి.

పైన వీ8కి చెప్పిన లెక్క సింగిల్ సిలిండర్‌కి నేరుగా పనికిరాదు, ఎందుకంటే నాలుగు స్ట్రోకుల్లో ఒక్క స్ట్రోకే గాలి పీలుస్తది, మిగతా మూడు స్ట్రోకులు కార్బ్ ఖాళీగా కూర్చుంటది, పీల్చినప్పుడు మాత్రం ఒక్కసారే గట్టిగా పీలుస్తది. దీనికి పాత ట్యూనర్లు వాడే లెక్క వేరే ఉంది. సిలిండర్ కెపాసిటీ లీటర్లలో తీసుకుని, ఫుల్ పవర్ వచ్చే ఆర్పీఎంతో గుణించి, వర్గమూలం తీసి, దాన్ని 0.65 నుంచి 0.9 లోపు ఒక అంకెతో గుణిస్తే కార్బ్ ఎన్ని ఎంఎం కావాలో వస్తది. రేసు బండికి పై అంకె, రోడ్డు బండికి కింది అంకె. నీ బండి 346 సీసీ, పవర్ 5,500 దగ్గర, 0.346 ఇంటూ 5,500 అంటే 1,903, వర్గమూలం 43.6. దాన్ని 0.65తో గుణిస్తే 28 చిల్లర వస్తది. మీ మెకానిక్ కాగితం పెన్ను లేకుండా చెప్పిన నంబరు అదే.

24 అయితే ఆ అంకె 0.55 అవుద్ది, అంటే కంపెనీవాడు లెక్క కంటే చిన్నదే పెట్టాడు, తెలిసే పెట్టాడు. బుల్లెట్ లాంగ్ స్ట్రోక్, బోర్ 70 ఎంఎం, స్ట్రోక్ 90. 5,500 తిరిగితే పిస్టన్ సెకనుకి సగటున పదహారున్నర మీటర్లు పరిగెత్తాలి, ఆ ఇంజిన్‌ని అక్కడ ఎక్కువసేపు ఉంచితే ఏమైతదో నీకు తెలుసు, మీ నాయనకి ఇంకా బాగా తెలుసు. ఆ బండి పనంతా కిందే, టాప్ గేర్లో మెల్లగా డుగు డుగు మంటూ లాగడం. చిన్న గొంతులో గాలి స్పీడుంటది కాబట్టే ఆ లాగుడు. ఉప్పల్ నుంచి హైటెక్ సిటీ అంటే సగం దారి సెకండ్ గేర్, థర్డ్ గేర్, థ్రాటిల్ పావు వంతు కూడా తిప్పవు. ఆ పావు వంతులో 24కి 28కి తేడా దాదాపు కనపడదు, కనపడితే 24దే పైచేయి. నల్లగొండ రోడ్డు మీద లారీని ఓవర్‌టేక్ చేసేటప్పుడు మాత్రం 28 సుఖం తెలుస్తది, జాలి తీసేసి ఫిల్టర్ మార్చావు కాబట్టి ఇంజిన్ ఇంకొంచెం గాలి అడుగుతది కూడా.

32 పెడితే అంకె 0.73. చూడ్డానికి లెక్కలోనే ఉన్నట్టుంది, కానీ అది పోర్ట్ తెరిపించి, క్యామ్ మార్చి, కంప్రెషన్ పెంచిన బండికి. నీ హెడ్ పోర్ట్ చిన్నదే, దాని ముందు 32 పెట్టడం వల్ల గాలి ఎక్కువ పోదు, పోయే గాలి మెల్లగా పోతది. పైగా ఇలాంటి స్లైడ్ కార్బుల్లో చాలావాటికి ఎక్సలేటర్ పంప్ (తిప్పగానే కాస్త పెట్రోల్ చిమ్మేది) ఉండదు, కేబుల్ లాగగానే గొంతుకి అడ్డంగా ఉన్న స్లైడ్ లేస్తది, పెట్రోల్ రాదు, బండి గొంతులో వెలక్కాయ పడ్డట్టు ఆగి అప్పుడు ఎగురుతది. ఆ ఎగరడాన్నే ఆయన "లేస్తది" అన్నట్టున్నాడు. తర్వాత వచ్చిన యూసీఈ క్లాసిక్ 350కి 29 ఎంఎం ఎట్లా ఇచ్చిండ్రు అని అడుగుతావేమో, అది సీవీ కార్బ్, నీ కేబుల్ తిప్పేది బటర్‌ఫ్లైనే, పైనున్న పిస్టన్‌ని ఇంజిన్ వ్యాక్యూమే లేపుతది. డల్లాస్ ట్రక్కుకి వ్యాక్యూమ్ సెకండరీ చెప్పింది కూడా అందుకే.

28 పెట్టాలని డిసైడ్ అయితే ఇవి చూసుకో. కొనేటప్పుడు వెర్నియర్ (గొంతు వెడల్పు కొలిచే పరికరం) తీసుకుపో, షాపు ముందే ఇంజిన్ వైపు గొంతు కొలువు. ఒంటి మీద 28 అని అచ్చుంటది, కొలిస్తే 26 వచ్చేవి మార్కెట్లో తిరుగుతున్నాయి. స్లైడ్ వేలితో పైకి కిందికి ఆడించి పక్కలకి కదిపి చూడు, టకటకమని కొట్టుకుంటే కొత్తదైనా వద్దు, ఐడ్లింగ్ జన్మలో నిలబడదు. హెడ్‌కీ కార్బ్‌కీ మధ్య వచ్చే ముక్కలో 28 నుంచి పోర్ట్ సైజుకి నున్నగా తగ్గాలి, మెట్టులాగా ఉంటే పెట్రోల్ అక్కడే ఆగి చుక్కలౌతది. జాయింట్ దగ్గర గాలి లీకుంటే ఎన్ని జెట్లు (పెట్రోల్ పోయే సన్న రంధ్రాల ముక్కలు) మార్చినా లాభం లేదు, బండి ఐడ్లింగ్‌లో ఉండగా సబ్బు నీళ్ళు జాయింట్ మీద కొట్టు, సౌండ్ మారితే లీకే.

తర్వాత జెట్టింగ్, అసలు పని ఇక్కడుంది, జనం ఇక్కడే బద్ధకిస్తారు. 500 కోసం పెట్టిన మెయిన్ జెట్టుతోనే కార్బ్ వస్తది, 350కి అది రిచ్ (గాలికి పెట్రోల్ ఎక్కువ) అయ్యే ఛాన్స్ ఎక్కువ, కానీ రిచ్ వైపు నుంచి మొదలుపెట్టి ఒక్కో నంబరు తగ్గించుకుంటూ రావడమే క్షేమం, లీన్ (పెట్రోల్ తక్కువ) నుంచి మొదలుపెడితే పిస్టన్‌తో ఆడుకున్నట్టు. థ్రాటిల్ గ్రిప్ మీద తెల్ల టేప్ వేసి పావు, సగం, ముప్పావు గీతలు పెట్టుకో, లేకపోతే ఏ గీత దగ్గర మిస్సింగ్ వస్తుందో నీకే తెలీదు. మూసినప్పటి నుంచి ఎనిమిదో వంతు దాకా పైలట్ జెట్టు, ఎయిర్ స్క్రూ. అక్కడ్నుంచి పావు దాకా స్లైడ్ కింద కోత, దాని మీద 2.0, 2.5 అని నంబరుంటది, నంబరు పెరిగితే లీన్. పావు నుంచి ముప్పావు దాకా స్లైడ్‌కి వేలాడే నీడిల్, క్లిప్ ఒక గాడి కిందికి పెడితే నీడిల్ పైకి లేచి రిచ్ అవుద్ది. చివరి పావు మెయిన్ జెట్టు. నువ్వు రోజూ ఉండేది మొదటి రెండింట్లో, మెకానిక్‌లు మార్చేది మాత్రం ఎప్పుడూ చివరిదే!

ఇంకోటి, ఈ వీఎం కార్బ్‌లో (నీ మిక్‌కార్బ్ లాంటి స్లైడ్ రకం) ఎయిర్ స్క్రూ ఫిల్టర్ వైపుంటది, బయటికి తిప్పితే లీన్. సీవీ కార్బ్‌లో ఇంజిన్ వైపుండే స్క్రూ ఉల్టా, బయటికి తిప్పితే రిచ్. రెండూ కలగలిపి తిప్పేసి కార్బ్ ఖరాబైందనేవాళ్ళు చాలామంది.

మెయిన్ జెట్టు చూడ్డానికి ఫుల్ థ్రాటిల్‌లో కాసేపు పోనిచ్చి, కిల్ చేసి, వెంటనే క్లచ్ పట్టి పక్కకాపి ప్లగ్ విప్పి చూడాలి. కాఫీ రంగు కావాలి. ఔటర్ రింగ్ రోడ్డు మీదికి టూ వీలర్లని ఎక్కనియ్యరు కాబట్టి ఎక్కడన్నా ట్రాఫిక్ లేని రోడ్డు చూసుకుని పొద్దున్నే చెయ్యి, హెల్మెట్ పెట్టుకుని. ఆ సైలెన్సర్‌కి జాలి లేదన్నావు, చలాన్ రాస్తే నన్నడగొద్దు. నన్నడిగితే జాలి మళ్ళీ పెట్టించి, 24నే శుభ్రంగా ఓవరాలింగ్ చేయించి ముందు ఒక నెల తిప్పు. పాత స్లైడ్ అరిగిపోయి, నీడిల్ జెట్టు గుండ్రం పోయి కోడిగుడ్డులా అయ్యుంటది, చాలామందికి 28 పెట్టగానే వచ్చిందనిపించే పికప్‌లో సగం కొత్త కార్బ్ వల్ల వచ్చిందే.

ప్రశ్న: సర్, యమహా ఆర్ఎక్స్100 ఉంది. ఈ20 వచ్చాక టాప్‌లో వేడెక్కి పట్టేస్తున్నట్టు అనిపిస్తోంది. 24 లేదా 26 ఎంఎం కార్బ్ వేస్తే పెట్రోల్ ఎక్కువొచ్చి సర్దుకుంటుందా? – మలక్‌పేట

జవాబు: సర్దుకోదు, ఇంకా తొందరగా పట్టేస్తది. పెద్ద కార్బ్ అంటే పెట్రోల్ ఎక్కువ కాదు, గాలి ఎక్కువ. దానికి తగ్గ జెట్టు పడకపోతే టూ స్ట్రోక్ లీన్ అయ్యి పిస్టన్ సీజ్ అవుద్ది. పైన బుల్లెట్ లెక్కే మీ బండికీ వేయండి, 98 సీసీ, 7,500 ఆర్పీఎం, వర్గమూలం 27, కంపెనీ ఇచ్చిన 20 ఎంఎం మికునికి అంకె 0.74. అంటే పుట్టుకతోనే సరిపోయేంత పెట్టారు, 98 సీసీకి 11 హార్స్ పవర్ ఊరికే రాలేదు.

ఈ20 సంగతి వేరు. మామూలు పెట్రోల్‌కి 14.7 పాళ్ళ గాలికి ఒక పాలు పెట్రోల్ కావాలి, ఎథనాల్‌కి 9 పాళ్ళ గాలే చాలు, 20 శాతం కలిపితే సుమారు 13.5. ఇంజెక్షన్ బండి సెన్సర్ చూసుకుని సర్దుకుంటది, కార్బ్‌కి కళ్ళు లేవు, పాత జెట్టులోంచి పాతంతే పంపుద్ది, అందుకే లీన్. ఇంతకుముందూ 10 శాతం కలిసే వచ్చేది కాబట్టి పెద్ద మార్పేం అక్కర్లేదు, మెయిన్ జెట్టు ఒక సైజు పెంచి, నీడిల్ క్లిప్ ఒక గాడి కిందికి మార్చి చూడండి. మన హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్ల పైన ఉంది, గాలి కాస్త పల్చన, అది కొంచెం రిచ్ వైపు లాగుద్ది, ఇదే బండిని విజయవాడ తీసుకెళ్ళి తొక్కితే ఇక్కడి ట్యూనింగ్ అక్కడ ఇంకాస్త లీన్‌గా ఉంటది. జెట్టు ముట్టుకోకముందే ఆయిల్ పంప్ సరిగ్గా కొడుతుందో లేదో చూపించండి. పట్టేయడానికి కారణం అదే అయితే కార్బ్‌ని తిట్టి లాభం లేదు.

ప్రశ్న: కార్బురేటర్ మారుతీ 800, 1998ది. వారం ఆపితే స్టార్ట్ అవ్వదు, అయ్యాక బానెట్ దగ్గర పెట్రోల్ వాసన. పెద్ద కార్బ్ ఏదన్నా వేయించాలా? – సైనిక్‌పురి

జవాబు: వద్దండీ. 796 సీసీకి ఉన్నది చాలు, సైజుతో సంబంధమే లేదు. పాత రబ్బరు పైపులు, పంప్ డయాఫ్రమ్, ఫ్లోట్ నీడిల్ చివరి రబ్బరు ఎథనాల్‌కి ఉబ్బుతాయి, మెత్తబడతాయి, పగులుతాయి. వారం ఆపితే బౌల్‌లో పెట్రోల్ ఆవిరైపోతది, మెకానికల్ పంప్ మళ్ళీ నింపేదాకా సెల్ఫ్ కొడుతూనే ఉండాలి. పైపులు, క్లిప్పులు, డయాఫ్రమ్ అన్నీ ఈ20కి తట్టుకునేవి అడిగి ఒకేసారి మార్పించండి, రాణిగంజ్‌లో మీటరు లెక్కన కొనేటప్పుడు పైపు మీద అచ్చు చదివి కొనండి. అప్పటిదాకా వాసన వస్తుంటే మాత్రం స్టార్ట్ చేయొద్దు, ముందు బానెట్ ఎత్తి పైపులు వేలితో నొక్కి చూడండి, జిగురుగా తగిలినా, వేలికి తడి అంటినా మెకానిక్‌నే ఇంటికి పిలిపించండి, బండిని షెడ్డుకి తోలకండి.